మూతి కుట్టిన జేబు

జూన్ 4

మరదలు పిల్లకి,

ముందు దెబ్బలాట, తర్వాత క్షేమసమాచారాలు.

నిన్న మీ వ్యాను వీధి మలుపు తిరిగాక గదిలోకి వెళ్ళి అలమర తెరిచాను. ఏముంది? నేను కుట్టిన గుడ్డ డైపర్లు దొంతరకు దొంతర అలాగే కూర్చుని నన్ను చూస్తున్నాయి. నువ్వు పట్టుకెళ్ళింది దుకాణంలో కొన్న ఆ రంగురంగుల డైపరు కవర్లూ, రెండు పెట్టెల నిండా వాడి పారేసే ప్యాడ్లూనట. నీ మొగుడు చెప్పాడు. రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చొచ్చి పగలంతా పడుకునేవాడికి తెలిసింది గానీ, ముందుగదిలో మిషను తొక్కుకుంటూ కూర్చున్న నాకు తెలీలేదు. బాగుంది.

నాలుగు మడతల మెత్తటి నూలుగుడ్డే అది! కొత్త గుడ్డ తడి పీల్చదని ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి, మళ్ళీ ఉతికి మరీ కుట్టాను. కన్నతల్లికి అవి కంటికి ఆనలేదు. సరే, పార్సెల్లో పంపుతున్నాను. ఈ ఉత్తరం వాటి మడతల్లోనే పెడుతున్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అనకు. ఫ్యాక్టరీలో అన్ని మిషన్ల మోత మధ్య అన్నేళ్ళు పనిచేసి నా చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను ‘ఆఁ ఆఁ’ అంటాను, ఇద్దరికీ ఆయాసం తప్ప ఏం లేదు. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు.

ఐదు నెలల పిల్లని తూనికల తనిఖీకని సంతల వెంట తిప్పుతానంటే ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇవాళ చెప్తున్నాను. ఏమాత్రం ఇబ్బందైనా పిల్లని నా దగ్గరికి పంపించెయ్. మేనత్తని, పరాయిదాన్నేం కాను. డబ్బాపాలు పట్టొచ్చని డాక్టరమ్మ కూడా చెప్పిందిగా.

పిల్లని ‘అరకిలో’ అని పిలవడం మానెయ్. తక్కువ బరువుతో పుట్టిందని జీవితాంతం దెప్పుతావా?

ఇట్లు,
కోపం సగం తగ్గిన మీ వదిన


జూన్ 8

వదినకి నమస్కారాలు. కొట్టొద్దు.

పార్సెల్ అందింది. తప్పు నాదే, చెప్పి రావలసింది. చెప్తే నీ ముఖం చిన్నబోతుందని చెప్పకుండా వచ్చాను. ఇప్పుడు చూడు, ఎక్కువ చిన్నబోయింది.

మా లాడ్జి గది సంగతి విను. ఉన్నదొక్క కిటికీ. అది తెరిస్తే పక్కింటి గోడ. వచ్చిన రోజు నుంచి ఒకటే ముసురు. ఫ్యాను కొక్కేనికీ కిటికీ ఊచకీ తాడు కట్టి బట్టలు ఆరేస్తున్నాను. నీ నూలుగుడ్డ నాలుగు మడతలు, ఆరాలంటే రెండు రోజులు, ఆరేసరికి ముక్కవాసన. రోజంతా వ్యాన్లో తిరుగుతూ తడి గుడ్డల సంచి ఎక్కడ పెట్టను? అందుకే ఈ ప్యాడ్లు. పైన తొడిగే కవరు మామూలు గుడ్డదే, లోపల పారేసే ప్యాడు పెడతాను. తడిస్తే ప్యాడు తీసి చెత్తబుట్టలో పడేసి, అదే కవర్లో ఇంకోటి. రెండోది చేసిందంటే మాత్రం కవరు కూడా ఉతకాల్సిందే. ఇల్లు చేరాక మళ్ళీ నీ గుడ్డలే. ప్రయాణానికి మాత్రమే ఈ వేషం.

మా డ్రైవరు బాబాయ్ ఉన్నాడే, మొన్న నాకు సాయం చేద్దామని వాడిన ప్యాడు కూడా బకెట్లో నానబెట్టాడు. ‘ఇదేంటమ్మా, గుమ్మడికాయంత అయింది!’ అని కేక. వెళ్ళి చూద్దును కదా, ప్యాడు పగిలి బకెట్ నిండా జిగురు జిగురుగా ముద్ద. ‘ఉతికేది కాదు బాబాయ్, పారేసేది’ అంటే, ‘ముందే చెప్పాలి కదమ్మా’ అని నన్నే కోప్పడ్డాడు.

పని బాగుంది. పొద్దున్నే సంత మొగలో బల్ల వేస్తాం. కాటాలన్నీ వరసగా వస్తాయి. సరిగ్గా తూగినదానికి ముద్ర, తూగనిదానికి చీవాట్లు. ఉల్లిపాయలావిడ కాటా పళ్ళెం కింద అయస్కాంతం దొరికింది. ‘అది మా పిల్లలు ఆడుకునేదండీ’ అంది. నా పక్కన బుట్టలో మన పిల్లని చూసి, ‘ఈవిడకి కూడా ముద్ర వేస్తారా?’ అంది. నవ్వాపుకోలేక ముద్ర పక్కకి పడింది.

కానీ వదినా, ఒక మాట. పెద్దసారు బయల్దేరేటప్పుడే చెప్పారు, ‘ఈ ఒక్క విడతా చూస్తాను. పిల్ల మూలాన ఒక్క సంతలో పని ఆగినా నిన్ను ఆఫీసులో కూర్చోబెట్టి ఇంకొకర్ని పంపుతాను’ అని. కాగితాల మధ్య కూర్చుంటే నాకు ఊపిరాడదు. ఈ తిరుగుడే నాకిష్టం. పిల్లా కావాలి, ఇదీ కావాలి. అత్యాశే అనుకో.

ఈ ఉత్తరంతో పాటే నాలుగు కవర్లు పంపుతున్నాను. తొడల దగ్గర ఎలాస్టిక్ సడలింది, కొత్తది వేసి పంపుతావా? అందాకా మిగిలిన రెండింటితో నెట్టుకొస్తాను.

అరకిలో ఇప్పుడు ఆరు కిలోల పైచిలుకు. సర్కారు కాటా మీద తూచాను, అబద్ధం ఉండదు.

నీ మరదలు


జూన్ 12

మరదలు పిల్లకి,

కారణం అర్థమైంది. ముసురు సంగతి నాకు తట్టలేదు. సగం కోపం ఉందన్నానే, అందులో సగం తీసేశాను.

కవర్లకి గట్టి ఎలాస్టిక్ వేశాను. టిచ్ బటన్లు కూడా ఒకటి రెండు వదులుగా ఉంటే మార్చాను. ఇంకో సంగతి చెప్తే దుకాణం సరుకు మళ్ళీ కొనవు. నాలుగింటికీ వెనక నడుము దగ్గర బెత్తెడు మేర కుట్టే లేదు! నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అస్తరు వేసి కుట్టినప్పుడు, తిరగేసుకోవడానికి కాస్త సందు వదులుతాం. తిరగేశాక దాన్ని మూసెయ్యాలి. అది మొదటి నెల నేర్చుకునే పాఠం. ఆ మహానుభావులు మూయడమే మరిచిపోయారు. ఒకటి రెండు కాదు, నాలుగూ! ఇలాంటివి నా చేతి కింద ఎవరైనా కుడితే మెడపట్టి గెంటేదాన్ని. నేనే రెండు వరసల కుట్టు వేసి మూసేశాను. ఇక ఏనుగు లాగినా ఊడదు.

పిల్ల నిన్ను నిద్రపోనిస్తోందా? పక్క గదుల వాళ్ళు గొడవ చేస్తున్నారేమో. నా భుజం మీదైతే ఇట్టే ఊరుకునేది. నీ మొగుడు కూడా, ‘పిల్ల ఇక్కడుంటే బాగుండేది అక్కా’ అంటూ ఖాళీ ఉయ్యాల ఊపుకుంటున్నాడు. పంపెయ్యకూడదటే? బాబాయ్ ఎటూ వారానికోసారి డీజిలుకని ఇటు వస్తాడుగా.

నీ వదిన


జూన్ 17

వదినగారికి,

మీరు పంపిన కవర్లు అందాయి. మీరు వేసిన కుట్టు కూడా చూశాను.

ఆ సందు వాళ్ళు మరిచిపోయింది కాదు. అది జేబు. ప్యాడు దూర్చేది అందులోంచే. నాలుగింటినీ మూసేశారు.

నిన్న అన్నిటికన్నా పెద్ద సంత. పాత కవర్లు రెండూ ఉతికి గదిలో తాడు మీద వేసి, మీరు పంపినవి నమ్ముకుని వెళ్ళాను. పెద్దసారు చెప్పకుండా తనిఖీకి వచ్చారు. బల్ల మీద ప్రమాణపు తూకాల పెట్టె తెరిచి ఉంది. కాటాలు సరిచూసే ఇత్తడి గుండ్లు, మఖమల్ గుంటల్లో ఉంటాయి. చేతి చెమట కూడా బరువేనని మేం వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోం. సరిగ్గా అప్పుడే పిల్ల, పొద్దున గదిలో కట్టిన నూలుగుడ్డ తడిపింది. సంచిలోంచి కవరు తీశాను, ప్యాడు తీశాను, మూతి కోసం తడుముతున్నాను. లేదు. రెండోది తీశాను, లేదు. నాలుగూ అంతే. గోటితో లాగాను, పళ్ళతో లాగాను. ఏనుగు లాగినా ఊడదన్నారు, నిజమే. అటు చూస్తే కాటాలు పట్టుకుని జనం. సరే అని ప్యాడు ఊరికే పైన పరిచి తొడిగాను. అది జారి వీపు మీదికి పోయింది. బుట్టలో సర్దుదామని పిల్లని ఎత్తాను. బల్ల మీదుగా ఎత్తానని తర్వాత తెలిసింది. మిగతాది నేను చెప్పక్కర్లేదు.

తూకాల పెట్టె నిండిపోయింది. వెనక నుంచి ఎవరో, ‘ఇవాళ్టి నుంచి కిలో కాస్త ఎక్కువే తూగుద్ది’ అన్నాడు. సంతంతా నవ్వింది. సారు నవ్వలేదు. తూకాలన్నీ ల్యాబుకి పంపించి, మళ్ళీ పరీక్ష చేసి వచ్చేదాకా పని ఆపెయ్యమన్నారు. ఆగకూడదన్న పని ఆగింది.

మొదటి ఉత్తరంలో పిల్లని పంపమన్నారు. రెండో ఉత్తరంలో పంపమన్నారు. మధ్యలో జేబులు కుట్టేశారు. ఇంత పనితనం ఉన్న మనిషికి జేబేదో, చిరుగేదో తెలియదంటే నేను నమ్మాలా? నేను చేతకాక పిల్లని పట్టుకుని మీ గుమ్మం ఎక్కాలనే కదా మీకు? మీ ఇంటి పిల్లే కావచ్చు. కానీ నేను కన్నాను.

ఇక ఏమీ కుట్టి పంపకండి.


జూన్ 23

మరదలికి,

వెంటనే రాయలేదు. మొదట కోపమొచ్చి రాయలేదు, తర్వాత ఏడుపొచ్చి రాయలేదు.

పిల్లల బట్టల దుకాణానికి వెళ్ళాను. కవరు చూపించమన్నాను. ఆ అమ్మాయి వెనక సందులో ప్యాడు దూర్చి, సర్ది, బొమ్మకి తొడిగి చూపించింది. చిటికెలో పని. నా ముఖం మాడిపోయింది. ఇన్నేళ్ళుగా కుడుతున్నాను, నడుము దగ్గర జేబుంటుందని నాకు తట్టలేదే! సందు కనబడితే మూసెయ్యడమే ఈ చేతులకి తెలుసు. తప్పు నాదే, నూటికి నూరుపాళ్ళూ. నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చాను, క్షమించు. కానీ కావాలని చేశానని మాత్రం అనకు. ఆ మాట నేను మొయ్యలేను.

పిల్ల కావాలని ఉందా అంటే, ఉంది. ఇల్లు బావురుమంటోంది. ఇందులో దాచేదేముంది?

నన్ను ‘మీరు’ అన్నావు. పెళ్ళైన వారానికే ‘నువ్వు’లోకి దిగినదానివి. మిగతా తిట్లన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

నేను కూడా ఒకటి అడుగుతాను, మనసులో పెట్టుకుంటే పుండైపోతుంది. బయల్దేరేటప్పుడు, పిల్లని పాల కోసం పట్టుకెళ్తున్నానన్నావు. కాదు. నువ్వు స్నానానికి వెళ్తే పిల్లని ఎవరి పక్కన పడుకోబెట్టేదానివి? నీ మొగుడి పక్కన. చచ్చినట్టు నిద్రపోయేవాడి పక్కన! నేను ముందుగదిలో మెలకువగా ఉన్నా నా ఒళ్ళో పెట్టలేదు. ఒక్కపూట నా మీద వదిలి వెళ్ళలేదు. పిల్ల ఏడిస్తే చెవిటిదానికి వినపడదనే కదా? ముఖాన అనలేక ఊరూరా తిప్పుతున్నావు. అవునో కాదో చెప్పు. అవునన్నా ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ ఏమీ అనను.

కుట్టి పంపొద్దన్నావు. పంపుతున్నాను, కోపముంటే వెనక్కి పంపు. ఇవి నేనే కత్తిరించి కుట్టిన కవర్లు. జేబు మూతి ఇంకాస్త వెడల్పుగా పెట్టాను. ఒంటిచేత్తో, పిల్లని చంకనేసుకుని కూడా దూర్చొచ్చు. జారకుండా లోపల చిన్న మడత వేశాను. తిరిగేటప్పుడు నీ ప్యాడు పెట్టుకో, గదికి చేరాక నా నూలుగుడ్డ మడిచి పెట్టుకో. రెండూ పడతాయి. పాత కవర్ల కుట్టు విప్పడానికి సన్న కత్తెర కూడా పెట్టాను.

వదిన


జూన్ 26

వదినా,

నువ్వు నువ్వు నువ్వు. చాలా? ఇంకా కావాలంటే ఇంటికొచ్చి వందసార్లు అంటాను.

కావాలని చేశావన్నది కోపంలో అన్న మాట. రాసి పార్సెల్ ఆఫీసులో ఇచ్చి బయటికి రాగానే వెనక్కి తీసుకుందామని పరిగెత్తాను. బస్సు వెళ్ళిపోయింది. ఉత్తరంలో ఇదొకటే చిక్కు.

నువ్వడిగినదానికి జవాబు. వినపడదని కాదు. ఒట్టు, ఆ ఆలోచనే నాకు రాలేదు. నీ దగ్గరైతే ఊరుకుంటుందని! నేను ఎత్తుకుని గంటసేపు ఊపినా ఆపని ఏడుపు నీ భుజం మీదికి చేరగానే ఆపేస్తుంది. ‘చూశావా, ఇట్టే ఊరుకుంది’ అని నువ్వు మురిసిపోతావు. నేను నవ్వుతాను. నవ్వి, స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. నిద్రపోయేవాడి పక్కన ఎందుకు పెట్టేదాన్నంటావా? అక్కడైతే ఎవరూ లేవరు, ఏడిస్తే నేనే రావాలి. నేనొస్తేనే ఊరుకోవాలి. ఈ సంతలన్నీ తిప్పుతున్నదీ అందుకే. కొన్నాళ్ళు నువ్వు లేకుండా ఉంటే నాకు మాలిమి అవుతుందని. నీకు చెవుల గురించి బెంగ, నాకు నీ భుజం గురించి కుళ్ళు. ఇద్దరం కలిసి పాపం నిద్రపోయే నీ తమ్ముణ్ణి మధ్యలోకి లాగాం.

నువ్వు కుట్టిన కవర్లు అందాయి, వాడుతున్నాను. మూతి భలే ఉంది. బాబాయ్ కూడా ప్యాడు దూర్చేశాడు, అదేదో పరీక్ష పాసైనట్టు అందరికీ చెప్పుకుంటున్నాడు. ప్యాడులో ఒక చిక్కుంది, అదీ చెప్తాను. తడి పైకి తెలియనివ్వదు. పొడిగానే ఉందిలే అని పని ధ్యాసలో మార్చకుండా ఉంచేశాను, పిల్ల తొడలు ఎర్రగా కందిపోయాయి. రెండు రోజులు గదిలో నీ నూలుగుడ్డే వేశాను, తగ్గింది. ఇప్పుడు తడిసినా తడవకపోయినా రెండు మూడు గంటలకోసారి మార్చేస్తున్నాను. నీదీ గెలవలేదు, నాదీ గెలవలేదు.

అసలు సంగతి. తూకాలు పాసై వచ్చాయి. సారు పిలిచి, ‘చివరి వారం కొండమీది సంతలు మిగిలాయి. వ్యాను ఎక్కదు, జీపులో వెళ్ళాలి. అక్కడ పని ఆగకుండా చేసుకొస్తే మొన్నటిది మరిచిపోతాను’ అన్నారు. ఆ దారిలో ఈ వానలో పిల్లని తీసుకెళ్ళలేను. వదిలి వెళ్ళాలి.

నీ తమ్ముడికి కాదు వదినా. నీకు. ఆదివారం తెచ్చి నీ ఒళ్ళో పెడతాను. భయంగా ఉంది. ఏడుస్తుందని కాదు, నన్ను వెతుక్కోకుండా హాయిగా ఉంటుందేమోనని. ఇంత చిన్న బుద్ధి నాది. నవ్వుకో.

నీ మరదలు


జూలై 3

వదినా,

జీపు డ్రైవరు కిందికి వెళ్తున్నాడంటే గబగబా రాస్తున్నాను. ఇక్కడ ఫోను పలకడం లేదు. పలికినప్పుడు నీ తమ్ముణ్ణి అడిగితే ‘బాగుంది’ తప్ప రెండో మాట రాదు. పిల్ల ఎలా ఉందంటే బాగుంది, పాలు తాగిందా అంటే బాగుంది.

ఇవాళ్టికి రెండు సంతలు అయ్యాయి, ఒక్క నిమిషం ఆగలేదు. సారు సంతకం పెడుతూ, ‘వచ్చే విడత కూడా నువ్వే’ అన్నారు. ఎగిరి గంతెయ్యాలి కదా? చేతులు ఊరికే ఉండటం లేదు. త్రాసు పట్టుకుంటే బుట్ట ఎటుందా అని చూస్తున్నాను.

నిజం రాయి. నా మనసు నొప్పిస్తుందని దాచకు. ఏడ్చిందా? నన్ను వెతుక్కుందా?

నీ మరదలు


జూలై 4

మరదలు పిల్లకి,

పిల్ల బాగుంది. ముందు ఆ మాట చదువుకుని, ఊపిరి పీల్చుకుని, అప్పుడు మిగతాది చదువు.

సారు మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈసారి కాటాలు నువ్వు చూసుకో, కవర్లు నేను చూసుకుంటాను.

నిన్న మధ్యాహ్నం ఏడ్చింది. నీ మొగుడు పక్కగదిలో గురకపెడుతున్నాడు, లేవలేదు. రెండు చెవులూ శుభ్రంగా ఉన్న మనిషి! నేను మిషను మీద ఉన్నాను. పిల్ల బుట్టని నా మోకాలికి ఆనించి పెట్టుకుని కుడుతున్నాను. అది కాళ్ళు ఝాడించగానే మోకాలికి తెలిసింది. తిరిగి చూస్తే నోరు ఇంత తెరిచి ఉంది. కన్నీళ్ళు ఇంకా చెంప దాకా దిగలేదు. అంటే అప్పుడే మొదలుపెట్టింది. నాకు తెలిసింది మరదలా. మొదటి ఏడుపుకే తెలిసింది.

గుడ్డ చూశాను, పొడిగా ఉంది. పాలు పట్టాను, తోసేసింది. భుజాన వేసుకున్నాను. ఇట్టే ఊరుకుంటుందని గొప్పలు పోయానే, ఊరుకోలేదు. ఊపాను, ఇల్లంతా తిప్పాను, పాట కూడా పాడాను. నా పాట నాకే వినపడదు, దానికెలా ఉందో పాపం. భుజం మీంచి తల తిప్పుకుని తలుపుకేసి చూస్తూ ఏడుస్తోంది. వానకోటు వేసుకుని వెళ్తూ నువ్వు రోజూ సంతలో తొడుక్కునే ఖాకీ కోటు ఆ తలుపుకి తగిలించి పోయావు. ఎందుకు తోచిందో నాకే తెలీదు, తీసి నేను తొడుక్కున్నాను. ఉల్లిపాయలూ, ఇత్తడీ, నీ చెమటా, అన్నీ కలిసిన వాసన. పిల్ల దాంట్లో ముఖం దూర్చి, గుప్పిట్లో కాలరు పట్టుకుని, రెండు ఎక్కిళ్ళు పెట్టి పడుకుంది. నేను వట్టి కోటుకొయ్యని. అది వెతుక్కున్నది నిన్నే.

పనైపోగానే నేరుగా ఇంటికి రా. నిన్న ఇంట్లో బట్టలన్నీ ఉతికేశాను. కోటు మాత్రం ఉతకలేదు.

మీ వదిన